గడియారం ఎవరి చేతిలో ఉంది?
హైదరాబాద్ మెట్రో రద్దీ, రాయితీల రాజకీయం



హైదరాబాద్ మెట్రో మాట వస్తే మన ఎన్నారైల చర్చ ఎప్పుడూ రెండు చోట్లే తిరుగుతుంది. ఎవరు కట్టారు, ఎవరు ఆపారు అన్నది ఒకటి. మా కాలనీకి ఎప్పుడొస్తుంది అన్నది రెండోది. ఉన్న రైలు ఎక్కేవాడి పరిస్థితి ఏమిటన్నది మాత్రం ఎవరికీ పట్టదు. దాని గురించే ఈ వ్యాసం. కొంచెం పొడుగైనా ఓపిగ్గా చదవండి. ఎందుకంటే ఇందులో మన ప్రమేయం ఉంది, మనం చేయగలిగింది కూడా ఉంది.

ముందు విషయం చెబుతాను. రద్దీని తగ్గించడానికి ప్రపంచమంతా వాడే పద్ధతి ఒకటుంది. దాన్ని ట్రావెల్ డిమాండ్ మేనేజ్‌మెంట్ అంటారు. రైళ్లు పెంచడం ఖర్చుతో కూడిన పని కాబట్టి, ఉన్న రైళ్లలోనే జనాన్ని వేర్వేరు వేళలకు సర్దాలని దాని ఉద్దేశం. తొందరగా వచ్చేవాడికి రాయితీ, రద్దీ వేళలో వచ్చేవాడికి పూర్తి చార్జీ. ప్రయాణికుడు లెక్క వేసుకుని అలవాటు మార్చుకుంటాడని ఆశ. కాగితం మీద చక్కగా ఉంది. మన హైదరాబాద్‌లో కూడా చేశారు. 2023 ఏప్రిల్‌లో మెట్రో వాళ్లు స్మార్ట్ కార్డు ఉన్నవాళ్లకు ఉదయం 6 నుంచి 8 వరకు, రాత్రి 8 నుంచి ఆఖరి బండి దాకా 10 శాతం రాయితీ ఇచ్చారు.

నేను అడిగేది ఒక్కటే. ప్రయాణికుడి వేళ ప్రయాణికుడి చేతిలో ఉందా?

ఆరు రూపాయల ఆశ

అప్పట్లో మెట్రోలో గరిష్ఠ చార్జీ 60 రూపాయలు. అందులో 10 శాతం అంటే 6 రూపాయలు. నాగోలు నుంచో, ఎల్.బి.నగర్ నుంచో మాదాపూర్ వైపు ఉద్యోగానికి వెళ్లే మనిషి ఈ 6 రూపాయల కోసం ఏం చేయాలి? ఉదయం 8 లోపు రైలెక్కాలి. అంటే పిల్లల్ని స్కూలు బస్సు ఎక్కించే పని ఇంకొకరికి అప్పగించాలి. సాయంత్రం ఆరున్నరకు పని అయిపోతే రాత్రి 8 దాకా ఆఫీసులోనే కూర్చోవాలి. ఆరు రూపాయలకు హైటెక్ సిటీలో ఒక సమోసా కూడా రాదు!

మా తమ్ముడు ఉప్పల్ నుంచి రాయదుర్గం వెళ్లొస్తాడు. ఫోన్‌లో ఈ మాటే అడిగితే వాడన్నది వినండి: "అన్నా, నేను ఏడున్నరకే ఎక్కుతా, సరే. పొద్దున గంట ముందొచ్చాడు కదా అని సాయంత్రం గంట ముందు పంపుతారా? కాల్ ఏడింటికే ఉంటది. నా రోజు గంట పెరుగుడే తప్ప నా వేళ మారుడు ఉండదు." వాడు రవాణా శాస్త్రం చదవలేదు. కానీ ఈ విధానంలో ఉన్న బొక్క ఎక్కడుందో ఒక్క ముక్కలో చెప్పేశాడు.

ఇక మహిళల సంగతి. రాత్రి 8 తర్వాత ప్రయాణం చేయమని రాయితీ ఇచ్చేవాళ్లు, స్టేషన్ మెట్లు దిగాక ఇంటి దాకా ఎలా వెళ్తారో ఆలోచించారా? రైలు భద్రంగానే ఉంటుంది. ఆ తర్వాతి రెండు కిలోమీటర్ల మాటేమిటి? షేర్ ఆటోలు తగ్గిపోయిన వేళ, సొంతంగా ఆటో మాట్లాడుకుంటే రైలులో మిగిలిన ఆరు రూపాయలకు పది రెట్లు పోతాయి. ఇది రాయితీయా, వెటకారమా?

ఇంకో సంగతి గమనించండి. ఉదయం 6 నుంచి 8 మధ్య నిజంగా ప్రయాణం చేసేది ఎవరు? ఆఫీసులు ఊడ్చేవాళ్లు, క్యాంటీన్లలో వండేవాళ్లు, షిఫ్ట్ మారే సెక్యూరిటీ గార్డులు. వాళ్లు రాయితీ ఉన్నా లేకపోయినా ఆ వేళకే వెళ్లాలి. కానీ రాయితీ పెట్టింది స్మార్ట్ కార్డుకు. కార్డులో ముందుగా డబ్బు వేసి ఉంచుకునే స్తోమత లేక, రోజుకారోజు టికెట్ కొనుక్కునే మనిషికి అది దక్కలేదు. అంటే వేళ మార్చుకోలేని ఉద్యోగికి ఆశ చూపించారు. ఆ వేళలో నిజంగా వెళ్తున్న కూలి మనిషికి ఇవ్వకుండా మిగుల్చుకున్నారు.

పోనీ ఆ రాయితీ అయినా నిలకడగా ఉందా? 2024 మార్చి 31తో ఆపేశారు. జనం గోల చేశాక ఏప్రిల్‌లో మళ్లీ ఆరు నెలలకు పొడిగించారు. అలవాటు అనేది నెలల తరబడి నమ్మకం మీద ఏర్పడుతుంది. గడువు తేదీ ఉన్న ఆఫర్ మీద ఎవరూ తమ ఇంటి టైంటేబుల్ కట్టుకోరు. పిల్లల స్కూలు, అమ్మ మందులు, పనిమనిషి వచ్చే వేళ, ఇవన్నీ ఆరు నెలల ఆఫర్ కోసం మార్చుకుంటామా?

రూవి శుక్రవారం

నేనుండేది మస్కట్‌లోని రూవిలో. ఇక్కడ రైలు లేదు. ముసలాత్ అని పిలుచుకునే ఎర్ర బస్సులు 2015 నుంచి తిరుగుతున్నాయి, రూవి బస్‌స్టేషన్ వాటికి పెద్ద కేంద్రం. రైలు లేని ఊళ్లో కూర్చుని రైలు గురించి నీకెందుకయ్యా అంటారేమో. రద్దీ అంటే ఏమిటో నాకు అర్థమయ్యేలా చెప్పింది ఈ ఊరే.

శుక్రవారం సాయంత్రం రూవి చూసినవాళ్లకు తెలుసు. ఊరి చుట్టూ ఉన్న క్యాంపుల నుంచి కార్మికులంతా ఇక్కడికే వస్తారు. ఇంటికి డబ్బు పంపడానికి, కూరగాయలు కొనుక్కోవడానికి, ఊరివాళ్లను కలవడానికి. జగిత్యాల మాట, కడప మాట, కోనసీమ మాట ఒకే ఫుట్‌పాత్ మీద వినిపిస్తాయి. బస్సు ఎక్కాలంటే నిలబడటానికి కూడా చోటుండదు. ఇప్పుడు ఎవరైనా మేధావి వచ్చి, "మంగళవారం వస్తే బస్సు చార్జీలో సగం తగ్గిస్తాం, మీ అలవాటు మార్చుకోండి" అంటే ఏమవుతుంది? ఒక్క మనిషి కూడా రాడు. ఎందుకంటే శుక్రవారం రావడం వాళ్ల అలవాటు కాదు. వాళ్లకు సెలవిచ్చేది శుక్రవారమే కాబట్టి వస్తున్నారు.

ఇదే ఊళ్లో ఇంకో సంగతి కూడా చూడవచ్చు. ఒమాన్‌లో గురు, శుక్రవారాలు ఉండే వారాంతపు సెలవును 2013 మే 1 నుంచి శుక్ర, శనివారాలకు మార్చారు. ఒక్క నిర్ణయంతో దేశం మొత్తం ప్రయాణాల లెక్క మారిపోయింది. ఎవరికీ రాయితీ ఇవ్వలేదు, ఎవరినీ బతిమాలలేదు. వేసవిలో జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3.30 వరకు ఆరుబయట పని చేయించకూడదని ఇక్కడ నిబంధన ఉంది. దాని అమలులో లోపాలు లేవని నేననను. కానీ నిబంధన వచ్చాక కార్మికుల బస్సులు తెల్లవారకముందే బయల్దేరుతున్నాయి. కంపెనీలేమీ మూతపడలేదు, భవనాలు లేస్తూనే ఉన్నాయి. రంజాన్ నెలలో పని గంటలు తగ్గితే ఊరి రద్దీ వేళలే మారిపోతాయి. ఇదంతా గల్ఫ్‌లో ఉన్న ప్రతి ఒక్కరూ ఏటా కళ్లారా చూస్తున్నదే.

గల్ఫ్ ప్రభుత్వాలను పొగడటానికి ఇది చెప్పడం లేదు. పని వేళ అనేది ప్రకృతి కాదు, ఎవరో తీసుకున్న నిర్ణయం అని గుర్తు చేయడానికి చెబుతున్నాను. రద్దీ ప్రయాణికుడి దురలవాటు కాదు. యజమాని పెట్టిన హాజరు వేళకు అది నీడ మాత్రమే. నీడను కర్రతో కొడితే చెట్టు కదలదు.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

ఇదంతా ఆవేశంతో అంటున్న మాట అనుకునేవాళ్ల కోసం కొన్ని లెక్కలు.

సింగపూర్ 2013 జూన్‌లో ఒక పెద్ద ప్రయోగం చేసింది. ఉదయం 7.45 లోపు నగర కేంద్రంలోని ఎంపిక చేసిన స్టేషన్లలో దిగితే రైలు ప్రయాణం పూర్తిగా ఉచితం. పది శాతం కాదు, మొత్తం ఉచితం! నాలుగేళ్లకు పైగా నడిపారు. ఫలితం? రద్దీ వేళ నుంచి జరిగినవాళ్లు సుమారు 7 శాతం. 2017 డిసెంబరులో ఆ పథకాన్ని ఆపి, దాని బదులు చిన్న రాయితీ పెట్టారు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ 2008లో ఉదయం 7 లోపు ప్రయాణం ముగించేవాళ్లకు ఉచితం చేసింది. తర్వాత మోనాష్ విశ్వవిద్యాలయం వాళ్లు పరిశీలిస్తే, ఆ ఉచిత టికెట్ వాడుతున్న నలుగురిలో ఒకరు కూడా నిజంగా వేళ మార్చుకున్నవాళ్లు కాదు. మిగతావాళ్లలో ఎక్కువమంది అంతకుముందు కూడా ఆ వేళకే వెళ్తున్నవాళ్లు.

పూర్తి ఉచితంతో సింగపూర్ ఏడు శాతం మందిని జరిపింది. ఆరు రూపాయలతో మనం ఎంతమందిని జరుపుతాం? మీరే చెప్పండి.

అయితే ధరకు బొత్తిగా శక్తి లేదని నేననడం లేదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. బస్సులు కిటకిటలాడాయి. దానివల్ల మెట్రోకు దెబ్బ తగిలిందని ఎల్ అండ్ టీ ఉన్నతాధికారి 2024లో బహిరంగంగానే అన్నారు. అంటే ధర మారితే మనిషి బండి మారుస్తాడు. రైలు దిగి బస్సెక్కుతాడు, బస్సు దిగి బైకెక్కుతాడు. కానీ వేళ మార్చడు, మార్చలేడు. ధరకు లొంగేది వాహనం. వేళ మాత్రం యజమానికే లొంగుతుంది. మన విధానకర్తలు ఈ చిన్న తేడా పట్టుకోలేకపోవడం వల్లే ఇంత గందరగోళం.

ఈ తేడా తెలియకుండా చార్జీ పెంచితే ఏమవుతుంది? 2025 మే 17న మెట్రో చార్జీలు పెంచారు. కనీసం 10 నుంచి 12కి, గరిష్ఠం 60 నుంచి 75కి. విమర్శలు రావడంతో మే 24 నుంచి 10 శాతం తగ్గించి 11, 69 రూపాయలుగా చేశారు. చివరి స్టేషన్ నుంచి రోజూ రానూపోనూ గరిష్ఠ చార్జీ ఇచ్చే మనిషికి నెలలో 26 రోజులకు పెరిగింది 468 రూపాయలు. వాడు వేళ మార్చుకుంటాడా? లేదు. అప్పు చేసి బైకు కొనుక్కుంటాడు. రోడ్డు మీద ఇంకో బండి పెరుగుతుంది.

బెంగుళూరు చూపిన దారి

మన పొరుగునే, మన వృత్తిలోనే జరిగిన ఒక ప్రయోగం గురించి మనలో చాలామందికి తెలియదు. 2008 అక్టోబరు నుంచి 2009 ఏప్రిల్ వరకు బెంగుళూరులో ఇన్ఫోసిస్ ఉద్యోగుల మీద స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లతో కలిసి ఆ సంస్థ ఒక పథకం నడిపింది. దీపక్ మెరుగు, బాలాజీ ప్రభాకర్, ఎన్.ఎస్.రమ దాని గురించి పరిశోధనా పత్రం రాశారు. సుమారు 14,000 మంది ఉద్యోగులు. ముందుగా ఆఫీసుకు చేరుకున్నవాళ్లకు పాయింట్లు. వారానికోసారి లాటరీ పద్ధతిలో 66 మందికి మొత్తం 96,000 రూపాయల బహుమతులు. రద్దీకి ముందే వచ్చేవాళ్ల సంఖ్య దాదాపు రెట్టింపయింది. ఉదయం బస్సు ప్రయాణానికి పట్టే సగటు సమయం 71 నిమిషాల నుంచి 54 నిమిషాలకు తగ్గింది.

చూశారా, డబ్బిస్తే పని చేసింది కదా, మరి నీ వాదన ఏమైంది అంటారేమో. జాగ్రత్తగా చూడండి. ఆ డబ్బు ఇచ్చింది ఎవరు? యజమాని. ముందు వచ్చినవాడిని మెచ్చుకున్నది ఎవరు? యజమాని. ముందు రావడం తప్పు కాదు, మంచిదని సంస్థే చెప్పినప్పుడు ఉద్యోగి కదిలాడు. అదే పని టికెట్ కౌంటర్ చేస్తే కదలడు. ఎందుకంటే టికెట్ కౌంటర్‌కు అతని అప్రైజల్‌తో సంబంధం లేదు!

సింగపూర్ కూడా ఇది గ్రహించింది. ట్రావెల్ స్మార్ట్ అనే కార్యక్రమం కింద కంపెనీలతోనే మాట్లాడి, పని వేళల్లో సడలింపు ఇచ్చే సంస్థలకు ఆర్థిక సాయం చేసింది. పైగా అక్కడ కారుకు రద్దీ రుసుము 1975 నుంచి ఉంది. కారు కొనాలంటే 1990 నుంచి వేలంలో పర్మిట్ పాడుకోవాలి. అంటే అక్కడ ముందు కారువాడి దగ్గర వసూలు చేశారు, ఆ తర్వాతే రైలువాడికి నీతులు చెప్పారు. దుబాయ్‌లో సాలిక్ టోల్‌కు 2025 జనవరి 31 నుంచి రద్దీ వేళ 6 దిర్హాములు, మిగతా పగటి వేళ 4 దిర్హాములు, అర్ధరాత్రి 1 నుంచి తెల్లవారి 6 దాకా ఉచితం. అక్కడ కూడా భారం కారు మీద వేశారు.

మన దగ్గర? పి.వి.నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఉచితం. దుర్గం చెరువు కేబుల్ వంతెన ఉచితం. ఫ్లైఓవర్ల మీద కారుకు రద్దీ వేళ అని ఒక్క పైసా అదనం లేదు. రద్దీ వేళ అనేది రైలువాడికి మాత్రమే గుర్తు చేస్తారు. ఆఖరికి నాగోలు స్టేషన్ దగ్గర బండి పెట్టుకుని రైలెక్కేవాడికి కూడా 2024 ఆగస్టులో పార్కింగ్ రుసుము అన్నారు. జనం రోడ్డెక్కితే అప్పటికి వాయిదా వేశారు. కారు దిగి రైలెక్కుతున్నవాడి దగ్గర వసూలు చేసి, కారులోనే పోయేవాడిని ఉచితంగా పోనిచ్చే ఊరు మనదే కాబోలు!

ఎదుటివాళ్ల వాదన

న్యాయంగా ఎదుటి వాదన కూడా చెప్పాలి. విలియం విక్రీ అనే ఆర్థికవేత్త 1950లలోనే న్యూయార్క్ సబ్‌వేకు వేళను బట్టి చార్జీ ఉండాలని సూచించాడు. 1996లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. రద్దీ వేళలో ఒక్కో ప్రయాణికుడు మిగతావాళ్ల మీద ఒక భారం మోపుతాడు, ఆ భారానికి ధర ఉండాలి అన్నది ఆ ఆలోచన సారం. నాకు ఆ తర్కంతో తగువు లేదు. తగువల్లా ఆ ధర ఎవరు కట్టాలన్న దగ్గరే. ఆ భారాన్ని సృష్టించినది ఎవరో వాళ్లు కట్టాలి. వేలమందిని ఒకే వేళకు ఒకే రోడ్డు చివరకు రప్పించే కంపెనీ కట్టాలా? రెండు కాళ్ల మీద నిలబడి వెళ్లే ఉద్యోగి కట్టాలా? ఈ ప్రశ్నకు మెట్రో అధికారులు గానీ, ప్రభుత్వాలు గానీ ఇంతవరకు జవాబు చెప్పలేదు.

ఇంకో వాదన, "ఐటీ కంపెనీలను ఒత్తిడి చేస్తే పక్క రాష్ట్రానికి పోతాయి" అని. మన రెండు రాష్ట్రాల్లో ఏ మంచి పని చేయమన్నా ఈ బెదిరింపు సిద్ధంగా ఉంటుంది. కానీ 2023 జూలై చివర భారీ వర్షాలప్పుడు సైబరాబాద్ పోలీసులు ఏం చేశారో గుర్తుందా? ఐటీ ప్రాంతాన్ని మూడు భాగాలు చేసి, ఒక భాగానికి మధ్యాహ్నం 3 గంటలకు, ఇంకో భాగానికి 4.30కు, మిగతా ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, గచ్చిబౌలి వైపు 3 నుంచి 6 మధ్య లాగవుట్ చేయమని సలహా ఇచ్చారు. దానివల్ల ఏ కంపెనీ అయినా ఊరు విడిచి పారిపోయిందా? లేదు. అంటే పోలీసులకు తెలుసు, తాళం చెవి కంపెనీల దగ్గర ఉందని. వర్షం పడితే గుర్తొచ్చిన ఆ తెలివి, ఎండ కాయగానే ఎందుకు ఆవిరైపోయింది?

ఇక మూడో వాదన, "అసలు రైళ్లు పెంచితే ఈ గొడవే ఉండదు" అని. ఇది సగం నిజం. 69 కిలోమీటర్ల మెట్రో 57 రైళ్లతో మొదలైంది, ఒక్కోదానికి మూడే బోగీలు. స్టేషన్లు ఆరు బోగీల రైలుకు సరిపడేలా కట్టారు. 2023 జూలై 3న ఒక్కరోజే 5 లక్షల 10 వేల మంది ఎక్కారు. ప్లాట్‌ఫాం సగం ఖాళీగా ఉంచి, మూడు బోగీల్లో జనాన్ని కుక్కి, "మీరు తొందరగా రావచ్చు కదా" అని ప్రయాణికుడినే తప్పు పట్టడం అన్యాయం. రద్దీ నిర్వహణ అనేది బోగీలు కొనకుండా తప్పించుకోవడానికి సాకు కాకూడదు.

ఎంఎంటీఎస్ నేర్పిన పాఠం

అలవాటు ఎలా పుడుతుంది, ఎలా చస్తుంది అన్నది తెలుసుకోవాలంటే ఎంఎంటీఎస్ చూడాలి. 2003 ఆగస్టులో మొదలైనప్పుడు అది పేద, మధ్య తరగతి రైలు. టికెట్ 5 రూపాయల నుంచి. లింగంపల్లి, హైటెక్ సిటీ, బేగంపేట, సికింద్రాబాద్, నాంపల్లి, ఫలక్‌నుమా. నేను మాదాపూర్‌లో పనిచేసిన రోజుల్లో మా టీంలో సగం మంది దాని మీదే వచ్చేవాళ్లు. దూరప్రాంత ఎక్స్‌ప్రెస్‌ల కోసం దాన్ని పక్కన నిలబెట్టేవాళ్లు. అయినా జనం ఓర్చుకున్నారు.

2020 మార్చిలో కోవిడ్‌కు ఆపారు. మెట్రో ఆ సెప్టెంబరులోనే తిరిగి మొదలైంది. ఎంఎంటీఎస్ మొదలైంది 2021 జూన్‌లో. పదిహేను నెలలు! అప్పటికి జనం బైకులు కొనుక్కున్నారు. 2022లో ఫస్ట్ క్లాసు చార్జీ సగానికి సగం తగ్గించారు. అయినా పాత రద్దీ పూర్తిగా తిరిగి రాలేదు. ఎందుకొస్తుంది? వాళ్లు వదిలేసింది ధర ఎక్కువై కాదు, బండి మీద నమ్మకం పోయి. రెండో దశలో విమానాశ్రయం దాకా వెళ్లాల్సిన రైలు ఉందానగర్ దగ్గరే ఆగిపోయింది. ప్రయాణికుడి అలవాటు మార్చాలని ఉపన్యాసాలిచ్చేవాళ్లు ముందు బండి వేళకు నడిపే అలవాటు చేసుకుంటే బాగుంటుంది.

ఇప్పుడు ఎందుకు మాట్లాడాలి?

ఇన్నాళ్లూ ఒక సాకు ఉండేది. మెట్రో ప్రైవేటు సంస్థది, చార్జీలు వాళ్లిష్టం, అప్పులు వాళ్లవి అని. 2025 సెప్టెంబరులో ఎల్ అండ్ టీ నుంచి మొదటి దశను రాష్ట్ర ప్రభుత్వం తీసుకోవడానికి అవగాహన కుదిరింది. సుమారు 13,000 కోట్ల రూపాయల అప్పుతో సహా. అంటే ఆ అప్పు ఇక ప్రజలది. మెట్రో, ఆర్టీసీ, ఐటీ కంపెనీలకిచ్చే భూములు, రాయితీలు అన్నీ ఒకే ప్రభుత్వం చేతికి వచ్చాక "మా పరిధిలో లేదు" అనే మాట చెల్లదు. రెండో దశకు 76.4 కిలోమీటర్లు, 24,269 కోట్లు అని 2024లో కేంద్రానికి ప్రతిపాదన పంపారు. అటు ఆంధ్రప్రదేశ్‌లో విశాఖకు 46 కిలోమీటర్లు, విజయవాడకు 38 కిలోమీటర్ల మెట్రో ప్రణాళికలను 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆమోదించింది. హైదరాబాద్‌లో చేసిన పొరపాటే విశాఖలోనూ చేయాలా? ఐటీ క్యాంపస్‌లన్నీ ఒక మూలకు చేర్చి, అందరికీ ఒకే వేళ పెట్టి, ఆ తర్వాత రైలువాడికి ఆరు రూపాయల ఆశ చూపించాలా?

కాబట్టి మనం అడగాల్సినవి ఇవి:

1. ఐటీ ప్రాంతాల్లో లాగిన్, లాగవుట్ వేళలను భాగాలవారీగా విడదీయడం వర్షాకాలపు సలహాగా కాక, ఏడాది పొడవునా ఉండాలి. ప్రభుత్వ భూమి, రాయితీ పొందే ప్రతి పెద్ద సంస్థకు అది ఒప్పందంలో షరతు కావాలి.

2. వేళను బట్టి రాయితీ ఇస్తే కనీసం మూడేళ్లు గ్యారంటీగా ఇవ్వాలి. కార్డు లేని కూలి మనిషికి కూడా వర్తించాలి. రాత్రి వేళ రాయితీ ఉన్న ప్రతి స్టేషన్‌కు అదే వేళలో ఆర్టీసీ ఫీడర్ బస్సు ఉండాలి.

3. మెట్రో చార్జీ ఇంకోసారి పెంచేముందు ఐటీ క్యాంపస్‌లలో కారు పార్కింగ్‌కు రుసుము పెట్టాలి. ఆ డబ్బు బస్సులకు, ఎంఎంటీఎస్‌కు వెళ్లాలి.

4. బోగీలు పెంచడానికి తేదీలతో సహా ప్రణాళిక ప్రకటించాలి.

5. ఏ స్టేషన్‌లో ఏ గంటకు ఎంతమంది ఎక్కి దిగుతున్నారో లెక్కలు ప్రజల ముందు పెట్టాలి. డేటా మీద బతికే వృత్తి మనది. డేటా లేకుండా ఏ విధానాన్ని నమ్మమంటారు?

మన చేతిలో ఉన్నది

చివరగా, ఇది చదువుతున్న మీతో ఒక మాట. న్యూజెర్సీలో ఉదయం 8.30కు పెట్టే మీటింగ్, చలికాలంలో హైదరాబాద్‌లో రాత్రి 7 గంటలు, వేసవిలో 6 గంటలు. లండన్‌లో మధ్యాహ్నం ఒంటిగంటకు పెడితే అక్కడ సాయంత్రం ఆరున్నర, ఎండాకాలమైతే ఐదున్నర. హైదరాబాద్‌లో ఒక అమ్మాయి ఆరింటికి ఇంటికి బయల్దేరుతుందా, తొమ్మిదింటికి బయల్దేరుతుందా అన్నది చాలాసార్లు మెట్రో చార్జీల పట్టికలో ఉండదు. విదేశంలో ఒక క్యాలెండర్‌లో ఉంటుంది. ఆ క్యాలెండర్ తెరిచే అధికారం ఉన్నవాళ్లు ఈ పేజీ చదివేవాళ్లలో చాలామంది ఉన్నారు. ఆర్కిటెక్టులు, మేనేజర్లు, డైరెక్టర్లు.

ఈ వారం ఒక పని చేయండి. మీ ఆఫ్‌షోర్ టీంను అడగండి, మీరు ఇంటి నుంచి ఎన్నింటికి బయల్దేరతారు, ఎలా వస్తారు, ఏ వేళ అయితే మీకు సులువు అని. రోజువారీ కాల్‌ను వాళ్ల ఉదయానికో, ఇంటి నుంచే మాట్లాడగలిగే వేళకో జరపండి. మీ సంస్థకు హైదరాబాద్‌లో సొంత క్యాంపస్ ఉంటే, బెంగుళూరు ప్రయోగం వివరాలు మీ హెచ్.ఆర్. వాళ్లకు పంపండి. వాళ్లు కాదంటే ఎందుకు కాదో రాతపూర్వకంగా అడగండి. ఆ పైన, పైన చెప్పిన ఐదు డిమాండ్లతో మీ ఊరి ఎమ్మెల్యేకు, రాష్ట్ర ప్రభుత్వానికి ఉత్తరం రాయండి. విరాళాలిచ్చినప్పుడు, పెట్టుబడుల సదస్సులకు పిలిచినప్పుడు మన మాట వినే నాయకులు ఈ మాట కూడా వింటారు, అడిగితే.

రాయితీలు ప్రయాణికుడికి ఇచ్చింది చాలు. ఇక షరతులు యజమానికి పెట్టే సమయం వచ్చింది.

రూవి, మస్కట్ నుంచి
మీ మిత్రుడు